మొక్కల రసాయనాలతో యాంటీబయాటిక్‌ల శక్తిని పెంచుట

మొక్కల నుండి వేరుచేసిన కొన్ని పదార్థాలను యాంటీబయాటిక్ మందులతో కలిపి వాడినపుడు, ఆ మందులు తక్కువ మోతాదులోనే పనిచేయుట, లేదా మందులకు లొంగని బాక్టీరియా మరల వాటికి లొంగుట కొన్ని సందర్భాలలో గమనించబడినది. ఇట్టి పదార్థాలను తోడు మందులు అనవచ్చును. వీటిలో చాలావరకు స్వయంగా బాక్టీరియాను చంపలేవు, ప్రధాన మందుకు ఉన్న ఆటంకాన్ని మాత్రమే తొలగిస్తాయి. మిరియాలు, పిప్పళ్ళలోని పైపరిన్ ఇందుకు భారతదేశంలో ప్రసిద్ధమైన ఉదాహరణ. పైపరిన్ చేర్చిన క్షయ మందు 2009లో మన దేశపు మార్కెట్‌లోకి వచ్చినది. ప్రయోగశాలలో ఆశ కలిగించిన పదార్థాలు అనేకం ఉన్నా, రోగుల వరకు చేరినవి బహు స్వల్పం.

నేపథ్యం

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లో పెనిసిలిన్‌ను కనుగొన్నాడు. మందును తగినంత మోతాదులో వాడకపోతే బాక్టీరియా దానికి అలవాటుపడగలదని 1945లో నోబెల్ బహుమతి ఉపన్యాసంలో ఆయనే హెచ్చరించాడు. పెనిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ ఆరియస్ కొరకు మెథిసిలిన్ అనే మందు రాగా, దానికీ లొంగని రకాలు 1961లోనే బ్రిటన్‌లో కనిపించాయి. 2019లో ప్రపంచ వ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియాయే ప్రత్యక్ష కారణమని 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసినది.

తెలుగు ప్రాంతానికి ఈ సమస్యతో దగ్గరి సంబంధం కలదు. హైదరాబాదు పరిసరాలు ఔషధ పరిశ్రమకు పెద్ద కేంద్రం. పటాన్‌చెరు సమీపంలో ఔషధ కర్మాగారాల మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రం నుండి బయటకు వచ్చిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం ప్రకటించినది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే పరిమాణం కంటే ఇది ఎక్కువ. ఇట్టి నీటిలో ఆ మందును తట్టుకోగల బాక్టీరియాయే మిగిలి వృద్ధి చెందుతుంది.

కొత్త యాంటీబయాటిక్‌ను తయారుచేయుటకు చాలా ఏళ్ళు, చాలా ధనం అవసరం. కనుక ఉన్న మందులనే మరల పనిచేయించే మార్గాల కొరకు పరిశోధనలు మొదలైనవి.

బాక్టీరియా మందును ఎదుర్కొనే విధానాలు

తోడు మందు పనితీరు తెలియాలంటే, ముందుగా బాక్టీరియా ఆత్మరక్షణ మార్గాలను తెలుసుకోవాలి. వాటిలో ముఖ్యమైనవి:

* మందును విరగ్గొట్టుట: బీటా-లాక్టమేజ్ అనే ఎంజైము పెనిసిలిన్ వంటి మందుల అణువును ఛేదిస్తుంది.
* లక్ష్యాన్ని మార్చుకొనుట: మందు ఏ ప్రోటీనుకు అతుక్కోవాలో ఆ ప్రోటీను ఆకృతి జన్యు మార్పు వలన మారుతుంది. క్షయ బాక్టీరియా రిఫాంపిసిన్‌కు లొంగకపోవుటకు ప్రధాన కారణం ఇదే.
* లోనికి రానీయకుండుట: కణపు పైపొరలోని ద్వారాలు తగ్గిపోతాయి.
* బయటికి తోడివేయుట: కణపు పొరలోని పంపుల వంటి ప్రోటీనులు లోనికి వచ్చిన మందును వెంటనే బయటికి పంపివేస్తాయి.
* గుంపుగా పొర కట్టుట: బాక్టీరియా జిగురు వంటి పదార్థంలో దాగి ఉన్నపుడు మందు వాటిని సరిగా చేరలేదు.

వీటిలో నాలుగవది మొక్కల రసాయనాల పరిశోధనలో ఎక్కువగా కనిపిస్తుంది. దీనిని బొగ్గు గనితో పోల్చి చూడవచ్చును. భూగర్భ గనిలో నీరు నిరంతరం ఊరుతూనే ఉంటుంది. పంపులు దానిని ఎప్పటికప్పుడు తోడివేయుట వలననే గని నడుస్తుంది, పంపులు ఆగితే గని మునుగుతుంది. బాక్టీరియా కణంలోకి మందు ఊరుతూనే ఉంటుంది, పంపులు తోడుతూనే ఉంటాయి. ఆ పంపులను ఆపగలిగితే, బయట మందు పరిమాణం పెంచకుండానే లోపల అది నిండుతుంది.

తోడు మందు అనే భావన

ఈ భావన వైద్యానికి కొత్త కాదు. 1981 నుండి వాడుకలో ఉన్న అమాక్సిసిలిన్-క్లావులానిక్ ఆమ్లం మిశ్రమం ఇందుకు చక్కని ఉదాహరణ. క్లావులానిక్ ఆమ్లం బాక్టీరియాను పెద్దగా చంపదు. అది బీటా-లాక్టమేజ్ ఎంజైమును పట్టి ఉంచుతుంది. ఈలోగా అమాక్సిసిలిన్ తన పని పూర్తిచేస్తుంది. క్లావులానిక్ ఆమ్లం మొక్కల నుండి కాక, నేలలో నివసించే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా నుండి లభించినది. ఇటువంటి సహాయక పదార్థాలు మొక్కలలో కూడా ఉండగలవనే ఆలోచనకు బలమైన కారణం ఉన్నది. మొక్కలు కూడా సూక్ష్మజీవులతో నిత్యం పోరాడుతూ, ఒక్క రసాయనంపై కాక అనేక రసాయనాల కలయికపై ఆధారపడుతాయి.

రెండు వేర్వేరు పనులు

"మందు శక్తిని పెంచుట" అనే మాటను రెండు వేర్వేరు అర్థాలలో వాడుతారు. ఈ తేడాను గుర్తించకపోవుట వలననే అనేక అపోహలు కలుగుతున్నాయి.

# మొదటిది రోగి శరీరంలో జరిగే పని. మింగిన మందు పేగుల నుండి ఎక్కువగా రక్తంలోకి చేరునట్లు, లేదా కాలేయం దానిని నిదానంగా తొలగించునట్లు చేయుట. దీనిని జీవలభ్యతను పెంచుట అంటారు. దీని వలన తక్కువ మోతాదు సరిపోవచ్చును. కాని మందుకు లొంగని బాక్టీరియా లొంగినట్లు కాదు.
# రెండవది బాక్టీరియాలో జరిగే పని. పంపులను ఆపుట, ఎంజైములను అడ్డుకొనుట, కణపు గోడ నిర్మాణాన్ని బలహీనపరచుట. మందుకు ఎదురుతిరిగిన బాక్టీరియాను తిరిగి లొంగదీయగలిగేది ఈ రెండవ పనియే.

మన మార్కెట్‌లోకి వచ్చిన మందు ప్రధానంగా మొదటి రకానికి చెందినది. పరిశోధనలలో ఆశ రేకెత్తిస్తున్నవి రెండవ రకానికి చెందినవి.

పైపరిన్

శొంఠి, పిప్పలి, మిరియాలు మూడింటిని కలిపి ఆయుర్వేదంలో త్రికటువు అంటారు. అనేక యోగాలలో త్రికటువును ఇతర మూలికలకు జతచేస్తారు. పిప్పలి, మిరియాలు రెండింటి కారానికి కారణం పైపరిన్ అనే ఆల్కలాయిడ్. విద్యుదయస్కాంతత్వంపై ప్రయోగాలతో ప్రసిద్ధుడైన డెన్మార్క్ శాస్త్రవేత్త ఆర్‌స్టెడ్ 19వ శతాబ్ది తొలినాళ్ళలో దీనిని వేరుచేశాడు. విశాఖ మన్యంలో కాఫీ తోటల నీడ చెట్లపై మిరియపు తీగలను పెంచుతారు. పిప్పలి మోడి సాగు కూడా అక్కడ కలదు.

అడ్డసరం ఆకుకు పిప్పలి చేర్చితే ఉబ్బసంపై దాని గుణం పెరుగుతుందని 1929లోనే బోస్ అనే రచయిత వ్రాశాడు. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనా ప్రయోగశాలలో 1979 నుండి సి.కె. అటల్, ఆయన సహచరులు ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించారు. ఆ సంస్థ నేడు భారతీయ సమగ్ర వైద్య సంస్థగా పిలువబడుచున్నది. పైపరిన్ పేగుల గోడల నుండి మందును వెనుకకు నెట్టే ప్రోటీనును, కాలేయంలో మందులను విచ్ఛిన్నం చేసే కొన్ని ఎంజైములను అడ్డుకుంటుందని క్రమేణా తేలినది.

రిసోరిన్

జమ్మూ సంస్థ పరిశోధనల ఆధారంగా అహ్మదాబాదుకు చెందిన కాడిలా ఫార్మాస్యూటికల్స్ 2009లో రిసోరిన్ అనే క్షయ మందును విడుదల చేసినది. ఇందులో రిఫాంపిసిన్ 200 మి.గ్రా., ఐసోనియజిడ్ 300 మి.గ్రా., పైపరిన్ 10 మి.గ్రా. ఉంటాయి. పెద్దలకు సాధారణంగా ఇచ్చే రిఫాంపిసిన్ 450 మి.గ్రా. లేదా అంతకు మించి ఉండగా, ఇందులో 200 మి.గ్రా. తోనే రక్తంలో సమానమైన పరిమాణం చేరుతుందని దీని ఆధారం. రిఫాంపిసిన్ ఖరీదైన మందు, కాలేయంపై భారం మోపగలది. కనుక మోతాదు తగ్గించుట ఈ ప్రయత్నపు ముఖ్యోద్దేశం.

పైపరిన్‌కు బాక్టీరియాపై కూడా కొంత ప్రభావం ఉన్నట్లు పరీక్షలు సూచించాయి. సిప్రోఫ్లోక్సాసిన్‌తో కలిపినపుడు అది స్టాఫిలోకాకస్ ఆరియస్‌పై ఆ మందు శక్తిని పెంచుతుందని 2006లో జమ్మూ శాస్త్రవేత్తలు ప్రచురించారు. క్షయ బాక్టీరియాలోని ఒక పంపును అది అడ్డుకుంటుందని 2010లో మరొక పత్రం వెలువడినది. అయితే ఇవి ప్రయోగశాల ఫలితాలు మాత్రమే.

ఇతర మొక్కల పదార్థాలు

సర్పగంధి: దీని వేరు నుండి లభించే రిసర్పిన్ ఒకప్పుడు రక్తపోటుకు విరివిగా వాడిన మందు. స్టాఫిలోకాకస్ ఆరియస్‌లో సిప్రోఫ్లోక్సాసిన్ వంటి మందులను తోడివేసే నార్-ఏ అనే పంపును రిసర్పిన్ ఆపగలదని 1990ల పరిశోధనలలో తెలిసినది. కాని రక్తపోటుకు దీర్ఘకాలం వాడే మోతాదు సాధారణంగా మిల్లీగ్రాములో నాలుగవ వంతుకు మించదు. పంపును ఆపుటకు కావలసిన గాఢత రక్తంలో ఏర్పడాలంటే, నాడీమండలాన్ని దెబ్బతీసే మోతాదు ఇవ్వవలసి వచ్చును. అందుచేత రిసర్పిన్ పరిశోధనలలో కొలమానంగా మిగిలినది కాని, తోడు మందు కాలేదు.

దారుహరిద్ర జాతి మొక్కలు, చాల్‌ముగ్రా: దారుహరిద్ర జాతి మొక్కలలో బెర్బరిన్ అనే పసుపుపచ్చని పదార్థం ఉంటుంది. దానికి బాక్టీరియాను చంపే గుణం ఉన్నా, నార్-ఏ పంపు దానిని తోడివేయుట వలన ప్రభావం స్వల్పం. అదే మొక్కలలో ఉన్న 5-ప్రైమ్ మెథాక్సీహిడ్నోకార్పిన్ అనే మరొక పదార్థం ఆ పంపును ఆపివేస్తుందని 2000లో అమెరికాలో ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ బృందం కనుగొన్నది. ఈ రెండవ పదార్థానికి విడిగా బాక్టీరియాను చంపే శక్తి లేదు. రెండూ కలిసినపుడే పని జరుగుతుంది. తోడు మందు పద్ధతిని మొక్క తానుగానే అనుసరిస్తున్నదనుటకు ఇది ప్రసిద్ధ నిదర్శనం.

ఈ పదార్థం అంతకు పూర్వమే చాల్‌ముగ్రా నూనెలో స్వల్ప పరిమాణంలో గుర్తించబడినది. చాల్‌ముగ్రా నూనె కుష్ఠువ్యాధికి పాత చికిత్స. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు 1915లో ప్రారంభించిన కుష్ఠు చికిత్సా కేంద్రంలో 1920లలో ఈ జాతి గింజల నూనెను ఇంజెక్షన్లుగా ఇచ్చేవారు. 1940లలో డాప్సోన్ రాకతో ఈ నూనె వాడుక క్షీణించినది. తరువాత డాప్సోన్‌కు లొంగని బాక్టీరియా కనిపించుటతో, 1980ల నుండి డాప్సోన్, రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్ కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్స అమలులోకి వచ్చినది.

మిరపకాయ: మిరప కారానికి కారణమైన క్యాప్సైసిన్ కూడా నార్-ఏ పంపును అడ్డుకుంటుందని 2012లో భారతీయ శాస్త్రవేత్తలు ప్రచురించారు.

టీ ఆకు, కరక్కాయ: పచ్చి టీ ఆకులోని ఎపిగాలోకాటెచిన్ గాలేట్, కరక్కాయలో కూడా లభించే కోరిలాజిన్ అనేవి మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్‌పై పెనిసిలిన్ జాతి మందుల శక్తిని పెంచినట్లు 2001 ప్రాంతంలో జపాను పరిశోధనలు చూపాయి. ఇవి పంపులపై కాక, కణపు గోడ నిర్మాణానికి సంబంధించిన ప్రక్రియలపై పనిచేస్తాయి.

పసుపు: కుర్కుమిన్ ప్రయోగశాలలో అనేక మందులకు తోడ్పడినా, అది పేగుల నుండి రక్తంలోకి చేరుట అత్యల్పం. పైపరిన్‌తో కలిపి ఇచ్చినపుడు మనుషులలో దాని జీవలభ్యత 20 రెట్లు పెరిగినట్లు 1998లో బెంగుళూరు వైద్యులు ప్రకటించారు.

ప్రయోగశాలలో కొలిచే పద్ధతి

బాక్టీరియా పెరుగుదలను ఆపుటకు కావలసిన అతి తక్కువ మందు పరిమాణాన్ని కనిష్ఠ నిరోధక గాఢత అంటారు. రెండు పదార్థాల కలయికను పరీక్షించుటకు చదరంగపు బల్ల వంటి గళ్ళ పళ్ళెంలో, అడ్డు వరుసలలో ఒక పదార్థాన్ని, నిలువు వరుసలలో రెండవదానిని వేర్వేరు గాఢతలలో పోసి, ప్రతి గడిలోను బాక్టీరియాను పెంచుతారు.

ఉదాహరణకు ఒక యాంటీబయాటిక్ విడిగా 8 పాళ్ళు, ఒక మొక్క పదార్థం విడిగా 64 పాళ్ళు కావలసి ఉన్నదనుకొందము. రెండూ కలిసినపుడు 2 పాళ్ళు, 8 పాళ్ళు చాలినవి. అపుడు 2/8 + 8/64 = 0.25 + 0.125 = 0.375. ఈ మొత్తం 0.5 లేదా అంతకు తక్కువ ఉంటే రెండూ ఒకదానికొకటి తోడ్పడుతున్నట్లు లెక్క. మొత్తం 4 దాటితే ఒకటి మరొకదానిని చెరుపుచున్నదని అర్థం. మొక్కల పదార్థాలన్నీ మందులకు తోడ్పడునని అనుకొనరాదు. కొన్ని కలయికలు మందు శక్తిని తగ్గించగలవు.

బొగ్గు గనుల ప్రాంతంలో ప్రాధాన్యత

సింగరేణి ప్రాంతంలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందులో మొదలై, గోదావరి లోయ వెంట బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, రామగుండం వరకు విస్తరించినది. మంచిర్యాల జిల్లాలోని కాసిపేట మండలం ఈ ప్రాంతంలోనిదే. కాసిపేట గనులు సింగరేణి మందమర్రి ఏరియా క్రిందికి వస్తాయి. ఇదే మండలంలోని దేవాపూర్‌లో సిమెంటు కర్మాగారం ఉన్నది. మండలపు అటవీ గ్రామాలలో గోండు, కొలాము కుటుంబాలు నివసిస్తున్నాయి.

ఇట్టి ప్రాంతాలకు క్షయ ప్రత్యేకమైన సమస్య. రాతిపొరను తొలిచినపుడు వెలువడే సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరితే, బాక్టీరియాను మింగి నాశనం చేసే రక్షక కణాలు దెబ్బతింటాయి. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశం ఇతరుల కంటే చాలా ఎక్కువ. ఈ ప్రమాదం పని మానిన తరువాత కూడా కొనసాగుతుంది. 2023లో ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు 26 శాతం భారతదేశంలోనే ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

క్షయ చికిత్స కనీసం ఆరు నెలలు సాగుతుంది. కొద్ది వారాలలో దగ్గు, జ్వరం తగ్గుట చూచి మాత్రలు మానివేయుట, లేదా వాటికి బదులు పసరు మందులు మాత్రమే వాడుట వలన మిగిలిన బాక్టీరియా మందులకు ఎదురుతిరుగుతుంది. రిఫాంపిసిన్, ఐసోనియజిడ్ రెండింటికీ లొంగని క్షయను బహుళ ఔషధ నిరోధక క్షయ అంటారు. దీనికి పైపరిన్ పరిష్కారం కాదు. ఈ స్థితిలో రిఫాంపిసిన్ అతుక్కోవలసిన ప్రోటీనే మారిపోయి ఉంటుంది గనుక, రక్తంలో రిఫాంపిసిన్ ఎంత పెరిగినా ప్రయోజనం స్వల్పం. ఇట్టివారికి బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లోక్సాసిన్ కలిపిన ఆరు నెలల చికిత్సను కేంద్ర ప్రభుత్వం 2024లో ఆమోదించినది. రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో సీబీనాట్, ట్రూనాట్ పరీక్షల ద్వారా కళ్ళె నుండి కొద్ది గంటలలో తెలుసుకోవచ్చును. ప్రభుత్వ క్షయ కేంద్రాలలో పరీక్షలు, మందులు ఉచితం.

ఆటంకాలు, ప్రమాదాలు

* గాఢత: పళ్ళెంలో పనిచేసిన గాఢత మనిషి రక్తంలో ఏర్పడుట అరుదు. చారులో వేసే మిరియాలు రుచికి, జీర్ణశక్తికి ఉపయోగపడవచ్చును కాని, అవి చికిత్స కావు.
* విషగుణం: బొగ్గు ప్రాంతపు బీడు భూములలో కూడా మొలిచే బ్రహ్మదండి మొక్కలో బెర్బరిన్ కలదు. కాని దాని గింజలలోని సాంగ్వినారిన్ ప్రమాదకరమైన విషం. ఆ నూనె కలిసిన ఆవనూనె వాడుట వలన 1998లో ఢిల్లీలో అనేకులు మరణించారు. ఒకే మొక్కలో మేలుచేసేది, కీడుచేసేది రెండూ ఉండవచ్చును.
* ఇతర మందులపై ప్రభావం: పైపరిన్ యాంటీబయాటిక్‌ను మాత్రమే ఎంచుకొని పెంచదు. ఫెనిటోయిన్, ప్రొప్రనలాల్, థియోఫిలిన్ వంటి మందుల పరిమాణం కూడా రక్తంలో పెరుగునని మనుషులపై జరిపిన పరీక్షలలో తేలినది. మూర్ఛకు, ఉబ్బసానికి మందులు వాడేవారికి ఇది అపాయకరం కావచ్చును.
* కాలేయం: పసుపు సారంతో చేసిన మాత్రల వలన కాలేయం దెబ్బతిన్న కేసులను 2022లో అమెరికా వైద్యులు నివేదించారు. వాటిలో కొన్నింటిలో మిరియపు సారం కూడా ఉన్నది. క్షయ మందులు కూడా కాలేయంపై ప్రభావం చూపుతాయి గనుక, ఆ మందులు వాడేవారు ఇట్టి మాత్రలను వైద్యునికి చెప్పకుండా వాడరాదు.
* ఏకరూపత లేకపోవుట: మొక్క పెరిగిన నేల, కోసిన కాలం, ఆరబెట్టిన తీరును బట్టి అందులోని పదార్థం మారుతుంది. కనుక మందుగా వాడాలంటే వేరుచేసిన శుద్ధ పదార్థమే కావాలి.
* హక్కులు: మొక్కల వాడుకను తరతరాలుగా కాపాడుకొన్న గిరిజనులకు లాభంలో వాటా దక్కవలెనని జీవ వైవిధ్య చట్టం, 2002 నిర్దేశిస్తున్నది.

ప్రస్తుత స్థితి

బాక్టీరియా పంపులను ఆపే మొక్కల పదార్థం ఏదియు ఇంతవరకు యాంటీబయాటిక్‌కు తోడు మందుగా సాధారణ వైద్యంలోకి రాలేదు. మొక్కల అణువులను నమూనాగా తీసుకొని, వాటి విషగుణాన్ని తగ్గించి, శక్తిని పెంచే కృత్రిమ రూపాలను తయారుచేయుటపై పరిశోధన సాగుతున్నది. తోడు మందులు వచ్చినా బాక్టీరియా వాటిని కూడా కాలక్రమేణా ఎదుర్కొనగలదు. అందుచేత మందులను పొదుపుగా, పూర్తిగా వాడుట ఎప్పటికీ అవసరమే. భారతదేశంలో ముఖ్యమైన అనేక యాంటీబయాటిక్‌లను, క్షయ మందులను 2014 మార్చి 1 నుండి హెచ్-1 షెడ్యూలులో చేర్చి, వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని, అమ్మకపు వివరాలను దుకాణదారు నమోదు చేయవలెనని నియమం విధించారు. పశుపక్ష్యాదుల పెంపకంలో కొలిస్టిన్ వాడుకను 2019లో నిషేధించారు.

ఇవి కూడా చూడండి

* క్షయ
* పిప్పలి
* సిలికోసిస్
* సింగరేణి బొగ్గు గనులు
* డిచ్‌పల్లి